ముగ్గురు వైద్యులు మూడు పేర్లు చెబితే ఎవరిని నమ్మాలి?

ప్రశ్న: మా చెల్లెలికి 31 ఏళ్లు. ఏడాదిన్నరగా చలి తగిలినా, చల్లటి నీళ్లు ముట్టుకున్నా చేతివేళ్లు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా మారుతున్నాయి. ఆరు నెలలుగా వేళ్లు ఉబ్బి ఉంగరం కూడా ఊడి రావటం లేదు. పొద్దున లేచాక గంటసేపు పిడికిలి పట్టలేకపోతోంది. మొదట చూసిన వైద్యులు ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ అని రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. తర్వాత చూసినవారు ఏఎన్‌ఏ పాజిటివ్ కాబట్టి లూపస్ అన్నారు. ఇప్పుడు రుమటాలజిస్టు ఇంకొన్ని పరీక్షలు చేయించి ‘మిక్స్‌డ్ కనెక్టివ్ టిష్యూ డిసీజ్’ అంటున్నారు. రిపోర్టులో ఏఎన్‌ఏ 1:2560 స్పెకిల్డ్, యూ1 ఆర్‌ఎన్‌పీ మూడు ప్లస్‌లు, డీఎస్ డీఎన్‌ఏ నెగటివ్, ఎస్‌ఎమ్ నెగటివ్ అని ఉంది. ఈమధ్య జుట్టు దువ్వుకుంటుంటే నొప్పి లేకపోయినా చేతులు వాలిపోతున్నాయంటోంది. ఇది ఒక జబ్బా, మూడు జబ్బులా? ఎవరి మాట నిజం? దేన్ని కనిపెట్టుకుని ఉండాలి? మున్ముందు పిల్లల్ని కనొచ్చా?
– ఒక పాఠకురాలు

సమాధానం: జబ్బు ఒకటే. ముగ్గురు వైద్యులూ తాము చూసిన రోజున కనిపించినదాన్ని బట్టి పేరు పెట్టారు. మిక్స్‌డ్ కనెక్టివ్ టిష్యూ డిసీజ్ తీరే అంత. రోగనిరోధక వ్యవస్థ సొంత అవయవాలనే దెబ్బతీసే లూపస్, చర్మం గట్టిపడే సిస్టమిక్ స్క్లెరోసిస్, కండరాల వాపు జబ్బు అయిన పాలీమయోసైటిస్... ఈ మూడింటి లక్షణాలూ ఇందులో ఉంటాయి, కొందరిలో రుమటాయిడ్ పోలికలు కూడా కనిపిస్తాయి. అయితే అన్నీ ఒకేసారి రావు. ఒక్కొక్కటిగా, నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి బయటపడుతుంటాయి. కీళ్ల నొప్పులు మాత్రమే ఉన్న రోజున రుమటాయిడ్ అనుకోవటంలో వింతేమీ లేదు. జబ్బు కూడా అరుదైనదే. నార్వేలో దేశమంతటా లెక్కతీస్తే లక్ష మంది పెద్దవాళ్లలో సుమారు నలుగురికే ఉన్నట్టు తేలింది. ఇలాంటి రోగిని చూడకుండానే ఏళ్లు గడిపే వైద్యులు చాలామందే ఉంటారు.

ఆ రిపోర్టులను ఎలా చదవాలో ముందు చూద్దాం. ఆర్‌ఏ ఫ్యాక్టర్ (రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదకే తయారుచేసుకునే ఒక యాంటీబాడీ) ఈ జబ్బున్నవాళ్లలో సగం మందికి పైగా పాజిటివ్‌గా ఉంటుంది, కాబట్టి దాన్ని చూసి రుమటాయిడ్ అని తేల్చలేం. కణ కేంద్రకం మీదకు తయారైన యాంటీబాడీలను చూపే ఏఎన్‌ఏ ఒక్కటే చూసి లూపస్ అనటం కూడా తొందరపాటే. ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా 1:80 దగ్గర (అంటే సీరమ్‌ను 80 రెట్లు పలచబరిచినా) నూటికి 13 మందికి, 1:160 దగ్గర అయిదుగురికి ఇది పాజిటివ్‌గా వస్తుంది. మీ చెల్లెలి విషయంలో చూడాల్సింది ‘పాజిటివ్’ అన్న మాటను కాదు. 1:2560 అన్న అంకెనూ, స్పెకిల్డ్ (చుక్కలు చుక్కలుగా) అన్న నమూనానూ, యూ1 ఆర్‌ఎన్‌పీ బలంగా ఉండటాన్నీ కలిపి చూడాలి. కణ కేంద్రకంలో జన్యు సందేశాన్ని కత్తిరించి అతికించే పనిలో పాలుపంచుకునే ఒక ప్రొటీన్-ఆర్‌ఎన్‌ఏ కూర్పు మీదకు రోగనిరోధక వ్యవస్థ తయారుచేసుకున్న యాంటీబాడీ ఈ యూ1 ఆర్‌ఎన్‌పీ. ఇది లేకుండా ఈ నిర్ధారణ లేదు.

అలాగని ఇదొక్కటీ ఉంటే చాలదు. లూపస్ రోగుల్లోనూ మూడో వంతు మంది దాకా ఆర్‌ఎన్‌పీ కనిపిస్తుంది. అందుకే ఎక్కువగా లూపస్‌లోనే కనిపించే డీఎస్ డీఎన్‌ఏ, ఎస్‌ఎమ్ యాంటీబాడీలు నెగటివ్ కావటం మీ చెల్లెలి విషయంలో ముఖ్యం. అవి పాజిటివ్ అయితే తూకం లూపస్ వైపు మొగ్గేది. మెక్సికో వైద్యుడు అలార్కాన్-సెగోవియా ప్రమాణాలు చాలామంది వాడతారు. వాటి ప్రకారం ఆర్‌ఎన్‌పీ ఎక్కువ స్థాయిలో ఉండి, దానికి తోడు అయిదు లక్షణాల్లో కనీసం మూడు ఉండాలి. చేతుల ఉబ్బు, కీళ్ల పొర వాపు, కండరాల వాపు, చలికి వేళ్లు రంగులు మారటం, వేళ్ల చర్మం గట్టిపడటం... ఇవీ ఆ అయిదు. చేతుల ఉబ్బు, రంగులు మారటం, చర్మం గట్టిపడటం ఈ మూడే ఉంటే మాత్రం చాలదు, కీళ్ల వాపో కండరాల వాపో తోడవ్వాలి. ఎందుకంటే ఆ మూడూ సిస్టమిక్ స్క్లెరోసిస్‌లోనూ ఉంటాయి. మీరు రాసినదాన్ని బట్టి ఆమెకు వేళ్ల రంగు మారటం, చేతుల ఉబ్బు ఉన్నాయి. పొద్దుటి బిగుతు వెనక కీళ్ల వాపు ఉన్నట్టు వైద్యులు చేత్తో నొక్కి తేల్చి ఉంటే మూడూ కుదిరినట్టే. మూడో వైద్యుల మాట నిలబడేలాగే ఉంది.

ఒక్క మాట. ఈ పేరు జీవితాంతం ఇలాగే ఉంటుందని అనుకోవద్దు. కొందరిలో కొన్నేళ్లకు ఇది స్పష్టమైన లూపస్‌గానో స్క్లెరోసిస్‌గానో మారుతుంది. కొందరిలో చాలావరకు చల్లబడి అలాగే ఉండిపోతుంది. రేపు పేరు మార్చారని ఇవాళ్టి వైద్యులు తప్పు చెప్పినట్టు కాదు.

ఇక వేళ్ల సంగతి. చలికి వేళ్లు తెల్లబడి, నీలమై, వెచ్చబడ్డాక ఎర్రబడటాన్ని రేనాడ్స్ అంటారు. ఇది జనంలో నూటికి 3 నుంచి 5 మందికి ఉంటుంది, ఎక్కువమందిలో దాని వెనక ఏ జబ్బూ ఉండదు. ఈ జబ్బులో మాత్రం దాదాపు అందరికీ ఉంటుంది, చాలామందిలో మొట్టమొదట కనిపించేది ఇదే. రెంటికీ తేడా ఎలా? జబ్బు లేని రేనాడ్స్ సాధారణంగా పదహారు, ఇరవై ఏళ్ల ప్రాయంలో మొదలవుతుంది, రెండు చేతులకూ ఒకేలా వస్తుంది, పుండ్లు పడవు. ముప్పై దాటాక కొత్తగా మొదలైనా, ఒక చేతికి ఎక్కువ మరో చేతికి తక్కువగా ఉన్నా, వేలి కొసన పుండు పడినా, వేళ్లు ఉబ్బినా లోతుగా వెతకాలి. అందుకు తేలిక పరీక్ష ఒకటుంది. గోరు మొదట్లో, చర్మం గోటిని కలిసే చోట ఒక చుక్క జెల్ వేసి భూతద్దం లాంటి డెర్మోస్కోప్‌తో చూస్తే సన్నటి రక్తనాళాలు కనిపిస్తాయి. అవి బాగా ఉబ్బి, మధ్యమధ్య నాళాలే లేని ఖాళీలు ఉంటే వెనక జబ్బు ఉన్నట్టే. రక్తం తీయనక్కర్లేదు, నొప్పి ఉండదు. అయినా చేసేవాళ్లు తక్కువ.

వేళ్లు తెల్లబడినప్పుడు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టమనండి. వైద్యుల గదిలోకి వెళ్లేసరికి రంగు మామూలైపోతుంది, మాటల్లో చెబితే సగమే తెలుస్తుంది. చేతి తొడుగులు వేసుకుంటే చాలనుకుంటారు గానీ ఒళ్లు చల్లబడితే వేళ్లకు రక్తం తగ్గుతుంది. ఛాతీ, పొట్ట, తల వెచ్చగా ఉంచుకోవటమే అసలు ఉపాయం. దాడి వచ్చినప్పుడు గోరువెచ్చటి నీళ్లలోనే చేతులు పెట్టాలి. వేళ్లు మొద్దుబారి ఉంటాయి కాబట్టి వేడి నీళ్ల సెగ తెలియక కాలతాయి. పొగ తాగే అలవాటుంటే మానాల్సిందే. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్, మైగ్రేన్‌కు ఇచ్చే ఎర్గోటమిన్, సుమట్రిప్టాన్, అదే మైగ్రేన్‌కూ ఆందోళనకూ రాసే ప్రొప్రనలాల్... ఇవన్నీ రక్తనాళాలను మరింత బిగించగలవు. వేరే వైద్యుల దగ్గరకు వెళ్లినప్పుడు ‘నాకు రేనాడ్స్ ఉంది’ అని చెప్పటం మర్చిపోకూడదు. దాడులు తరచుగా వస్తుంటే నెమ్మదిగా విడుదలయ్యే రకం నిఫెడిపిన్ రోజుకు 30 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. తలనొప్పి, పాదాల వాపు దాని సాధారణ ఇబ్బందులు. ఏదైనా వేలు గంటల తరబడి నీలంగానో నల్లగానో ఉండిపోయి, విపరీతంగా నొప్పి పెడితే మర్నాటికి వాయిదా వేయకండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఉబ్బు విషయంలో ఒక గుర్తు ఉంది. రుమటాయిడ్‌లో కణుపులు ఉబ్బుతాయి, కణుపుకూ కణుపుకూ మధ్య వేలు సన్నగానే ఉంటుంది. ఇక్కడ వేలు మొత్తం, అరచేతి వెనక భాగంతో సహా, ఒకేలా నిండుగా ఉబ్బుతుంది. నొక్కితే గుంట పెద్దగా పడదు. వేళ్ల మీది ముడతలు చదునైపోతాయి. మీరు రాసిన ఉంగరం సంగతి దీనికి సరిగ్గా సరిపోతుంది. ఉంగరాన్ని ఇప్పుడే తీయించండి, వాపు పెరిగితే కత్తిరించాల్సి వస్తుంది.

జుట్టు దువ్వుకుంటుంటే చేతులు వాలిపోవటం అన్నారు చూశారా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా తొందర అనిపించింది అదే. నొప్పి లేకుండా భుజాలు, తొడలు బలం తప్పటం కండరాల వాపు తీరు. ఇంట్లోనే మూడు సంగతులు చూడండి. చేతులు ఊనకుండా కుర్చీలోంచి లేవగలుగుతోందా? వెల్లకిలా పడుకుని దిండు మీదనుంచి తల ఎత్తి కాసేపు నిలపగలుగుతోందా? పైఅరలోని వస్తువును దించగలుగుతోందా? ఏ ఒక్కటి కష్టమైనా వెంటనే సీపీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) రక్తపరీక్ష చేయించాలి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. మామూలు రక్తపరీక్షలో కాలేయ ఎంజైములుగా పేరుపడ్డ ఎస్‌జీవోటీ, ఎస్‌జీపీటీ ఎక్కువగా ఉన్నాయని కాలేయం చెడిందనుకుని నెలలు గడిపేస్తారు. ఆ రెండూ కండరంలోనూ ఉంటాయి. వాటితో పాటు సీపీకే పెరిగి, మరో కాలేయ ఎంజైమ్ జీజీటీ మామూలుగా ఉంటే సమస్య కండరంలో ఉన్నట్టు. మింగేటప్పుడు పొరబోతున్నా, గొంతు మారి ముక్కుతో మాట్లాడుతున్నట్టున్నా గొంతు కండరాలకూ పాకి ఉండొచ్చు. అప్పుడు అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కంటికి కనిపించేవి, రోగి తనంతట తాను చెప్పేవి. ఈ జబ్బులో ప్రాణం మీదికి వచ్చేది కనిపించదు. 1972లో అమెరికాలో గోర్డన్ షార్ప్ బృందం 25 మంది రోగులతో దీన్ని మొదటిసారి వివరించినప్పుడు ఇది స్టెరాయిడ్లకు లొంగే మెతక జబ్బు అనుకున్నారు. ఆ రోగులనే ఏళ్ల తరబడి గమనించాక ఆ అభిప్రాయం మారింది. ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే ధమనుల్లో ఒత్తిడి పెరగటం అనే పల్మనరీ హైపర్‌టెన్షన్ తక్కువ మందికే వచ్చినా, ఈ జబ్బులో మరణాలకు ప్రధాన కారణం అదేనని తేలింది. చేతికి పట్టీ చుట్టి చూసే బీపీతో దానికి సంబంధం లేదు. బీపీ మామూలుగా ఉన్నా ఇది ఉండొచ్చు. మొదట్లో కనిపించేది ఆయాసమే. అదీ మెట్లెక్కినప్పుడు, వేగంగా నడిచినప్పుడు మాత్రమే. రక్తహీనత అనో, ఒళ్లు బరువెక్కిందనో, స్టెరాయిడ్ల వల్లనో అని సర్దిచెప్పుకుంటారు. తనకే తెలియకుండా నడక తగ్గించేసుకుని ఆయాసం లేదని చెప్పేవాళ్లూ ఉన్నారు. కాబట్టి ‘ఆయాసం ఉందా’ అని అడగకండి. ‘ఆరు నెలల కిందట మధ్యలో ఆగకుండా ఎక్కిన మెట్లను ఇప్పుడూ అలాగే ఎక్కుతున్నావా’ అని అడగండి. శ్రమ పడినప్పుడు కళ్లు తిరిగి పడిపోవటం, పాదాల వాపు, ఛాతీ పట్టేయటం ఆలస్యంగా వచ్చే గుర్తులు, వాటి కోసం ఎదురుచూడకూడదు.

రెండోది ఊపిరితిత్తుల కణజాలమే గట్టిపడే జబ్బు, ఐఎల్‌డీ. ఇది ధమనుల ఒత్తిడి కన్నా చాలా ఎక్కువ మందిలో కనిపిస్తుంది. పొడి దగ్గు, ఆయాసం దాని లక్షణాలు, మొదట్లో అవీ ఉండకపోవచ్చు. ఛాతీ ఎక్స్‌రే మామూలుగా ఉందని నిశ్చింతగా ఉండొద్దు, తొలిదశ మార్పులు అందులో తెలియవు.

అందుకే నిర్ధారణ అయిన వెంటనే, ఏ ఇబ్బందీ లేకపోయినా సరే, మూడు పరీక్షలు చేయించాలి. ఊపిరితిత్తులకు హై రెజొల్యూషన్ సీటీ, గుండెకు ఎకో, డీఎల్‌సీవోతో కలిపి పల్మనరీ ఫంక్షన్ టెస్ట్ (ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష). ఈ చివరిదాని దగ్గరే చాలాచోట్ల పని సగంలో ఆగిపోతుంది. గొట్టంలోకి ఊదించే స్పైరోమెట్రీ ఒక్కటి చేసి పంపేస్తారు. ఊపిరితిత్తుల్లోంచి వాయువు రక్తంలోకి ఎంత బాగా చేరుతోందో చెప్పే డీఎల్‌సీవోను విడిగా రాయించుకోవాలి. హిమోగ్లోబిన్ తక్కువుంటే ఆ అంకె కూడా తగ్గి కనిపిస్తుంది కాబట్టి దానికి తగ్గట్టు సరిచేశారో లేదో కనుక్కోండి. రిపోర్టులో ఎఫ్‌వీసీ (నిండా పీల్చి బయటికి ఊదగలిగిన గాలి) శాతాన్ని డీఎల్‌సీవో శాతంతో భాగించి చూడండి. ఉదాహరణకు ఎఫ్‌వీసీ 88, డీఎల్‌సీవో 50 ఉంటే 1.76 వస్తుంది. 1.6 దాటితే ఊపిరితిత్తి బాగానే ఉన్నా దాని రక్తనాళాల్లో తేడా ఉందేమోనని అనుమానించాలి. రెండు అంకెలూ కలిసి తగ్గుతుంటే ఐఎల్‌డీ వైపు చూడాలి.

ఎకో రిపోర్టులో ‘నార్మల్’ అని రాసి ఉంటే సరిపోదు. గుండె కుడివైపు ఉండే ట్రైకస్పిడ్ కవాటం దగ్గర వెనక్కి కారే రక్తం వేగం ఎంతో రాశారా చూడండి. అది సెకనుకు 2.8 మీటర్లు దాటితే మరింత లోతుగా చూడాలి. ఎకో అనుమానం మాత్రమే చెప్పగలదు. ఒత్తిడి ఎంతో తేల్చాలంటే గుండె కుడివైపుకు సన్నటి గొట్టం పంపి కొలవాలి. అక్కడ సగటు ఒత్తిడి 20 మిల్లీమీటర్ల పాదరసం దాటితే ఎక్కువ ఉన్నట్టే. ఇదంతా భయపెట్టటానికి కాదు. స్క్లెరోసిస్‌లో వచ్చే ధమనుల ఒత్తిడి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులకు పెద్దగా లొంగదు. ఈ జబ్బులోనూ లూపస్‌లోనూ వచ్చేది మాత్రం తొందరగా పట్టుకుంటే కొందరిలో ఆ మందులతోనే దిగివస్తుంది. అందుకే ఎకో, డీఎల్‌సీవో ఏటా తప్పకూడదు. వేళ్లు బాగుపడ్డాయని ఇవి మానేయటమే ఈ జబ్బులో జరిగే పెద్ద నష్టం.

మిగిలిన వాటిని క్లుప్తంగా చెబుతాను. అన్నవాహిక కదలిక మందగించి గుండెల్లో మంట రావటం మామూలే. రాత్రి పడుకునే ముందు మూడు గంటలు ఏమీ తినకుండా ఉండాలి, మంచం తలవైపు కాళ్ల కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు పెట్టాలి. దిండ్లు పెంచితే పొట్ట మడతపడి మంట ఎక్కువవుతుంది. మూత్రపిండాలు లూపస్‌లో దెబ్బతిన్నంతగా దెబ్బతినవు, అయినా మూడు నుంచి ఆరు నెలలకోసారి మూత్రంలో ప్రొటీన్ చూడాలి. ముఖంలో ఒకవైపు తిమ్మిరి వస్తే ట్రైజెమినల్ నరం అయ్యుండొచ్చు, ఈ జబ్బుకు అది అలవాటైన చోటు. ఒక విచిత్రం కూడా ఉంది. ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకున్న కొన్ని గంటలకు జ్వరం, భరించలేని తలనొప్పి, మెడ బిగుసుకోవటం ఈ రోగుల్లో అరుదుగా వస్తాయి. సూక్ష్మజీవులేవీ లేని మెదడు పొరల వాపు అది. అలా జరిగితే ఏ మాత్ర వేసుకుందో ఆసుపత్రిలో తప్పక చెప్పాలి.

మందుల మోతాదులు ఆమె వైద్యులే నిర్ణయించాలి, అయితే మీరు సరిచూసుకోదగ్గవి కొన్ని ఉన్నాయి. హైడ్రాక్సీక్లోరోక్విన్ రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు మించకూడదు. 60 కిలోల మనిషికి సగటున రోజుకు 300, కాబట్టి ఒకరోజు 200, మర్నాడు 400 రాస్తుంటారు. రెటీనా పరీక్ష మొదటి ఏడాదిలో ఒకసారి, అయిదేళ్లు దాటాక ఏటా చేయించాలి. మెథోట్రెక్సేట్ రాస్తే అది వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. వారంలో ఏ రోజో డబ్బా మీద పెద్దగా రాసి పెట్టండి. స్టెరాయిడ్లు కండరాల వాపు ఉంటే ఎక్కువ మోతాదులోనే మొదలుపెట్టాల్సి రావచ్చు. చర్మం గట్టిపడే లక్షణాలున్నవారిలో రోజుకు 15 మిల్లీగ్రాములు దాటిన ప్రెడ్నిసొలోన్‌కూ మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినటానికీ సంబంధం కనిపించింది. ఆ మోతాదులో ఉన్నన్నాళ్లూ ఇంట్లో బీపీ చూసుకుంటూ ఉండాలి, ఒక్కసారిగా పెరిగితే వెంటనే చెప్పాలి. కొన్ని వారాలు వాడాక స్టెరాయిడ్‌ను సొంతంగా ఒక్కరోజులో ఆపేయకూడదు. ఇంకొకటి. స్టెరాయిడ్ వాడుతుండగా సీపీకే మామూలైపోయి కూడా తొడల బలం తగ్గుతుంటే, జబ్బు కాకుండా స్టెరాయిడే కండరాన్ని తింటుండొచ్చు. అప్పుడు మోతాదు పెంచితే ఇంకా చెడుతుంది.

పిల్లల విషయానికి వస్తే, కనొచ్చు. జబ్బు కనీసం ఆరు నెలలు అదుపులో ఉన్నాక, ముందే అనుకుని. రోగనిరోధక శక్తిని తగ్గించే మైకోఫెనొలేట్ వాడుతుంటే గర్భానికి కనీసం ఆరు వారాల ముందు, మెథోట్రెక్సేట్‌ను ఒకటి నుంచి మూడు నెలల ముందు మానాలి. రెండూ పిండానికి హాని చేస్తాయి. హైడ్రాక్సీక్లోరోక్విన్ మానక్కర్లేదు, కొనసాగించటమే మంచిది. ఆర్‌ఓ యాంటీబాడీ ఉందేమో ముందే చూపించాలి. ఉంటే కొద్దిమంది శిశువుల్లో గుండె లయకు అడ్డంకి వస్తుంది, కాబట్టి 16వ వారం నుంచే పిండం గుండెను స్కాన్‌లో చూస్తూ ఉండాలేమో వైద్యులు చెబుతారు. వీటన్నిటికన్నా ముందు ఆ ఎకో, డీఎల్‌సీవో. ఊపిరితిత్తుల ధమనుల్లో ఒత్తిడి ఉండగా గర్భం దాల్చటం తల్లి ప్రాణానికే ముప్పు. అది లేదని తేలిన తర్వాతే ప్రయత్నించమనండి, అప్పటిదాకా ఏ గర్భనిరోధకం వాడాలో కూడా రుమటాలజిస్టునే అడగండి.